రత్నక్క బిగించని ప్లగ్గులు

ఇంజన్ చల్లారాక విప్పినా, స్పార్క్ ప్లగ్ నుంచి కాలిన పెట్రోలు వాసన వస్తూనే ఉంటుంది. ఈ ఉదయం బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా వర్క్‌షాపులో ఆ వాసన తగలగానే రత్నక్క గుర్తొచ్చింది.

నగర శివారు చందాపురలో అద్దె షెడ్డులో గ్యారేజీ నడిపిన మనిషి ఆమె. భర్త పోయాక మూసేయమని బంధువులంతా అంటే, మూయకుండా అతని పనిముట్లే చేతబట్టుకుంది. నేను హిందూపురం నుంచి ఆటోమొబైల్ డిప్లొమాతో వచ్చినప్పుడు, ఆడపిల్లవని మూడుచోట్ల రిసెప్షన్‌లో కూర్చోమన్నారు. రత్నక్క మాత్రం వాడిన ప్లగ్ ఒకటి నా అరచేతిలో పెట్టింది.

"దీన్ని చూసి ఇంజన్‌కేమైందో చెప్పు పాపా."

"తెలీదక్కా."

"తెలీదని ఒప్పుకున్నావు. రేపట్నుంచి రా."

ప్లగ్ కొస నల్లగా మసిబారితే ఇంజన్ పెట్రోలు ఎక్కువ తాగుతోందని, లేత గోధుమరంగులో ఉంటే ఆరోగ్యంగా ఉందని, తెల్లగా బొబ్బలెక్కితే వేడి హద్దు దాటిందని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అసలు పాఠం మాత్రం షెడ్డు యజమాని కొడుకు కిరణ్ తన టర్బో కారు తెచ్చినరోజు నేర్చుకున్నాను.

అతను వేరేచోట ట్యూనింగ్ చేయించి, ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఒత్తిడి బాగా పెంచుకున్నాడు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కారు తడబడుతోంది. కొత్త ఇరిడియం ప్లగ్గులు తనే కొనుక్కొచ్చి, బిగించమన్నాడు. రత్నక్క పాతవి విప్పి భూతద్దం పెట్టి చూసింది. తెల్లబడ్డ పింగాణీ మీద సన్నటి వెండిరంగు చుక్కలు కనిపించాయి.

"పిస్టన్ కరగతా ఉండాదప్పా. నువ్వు తెచ్చినవి మంచివే గానీ, మామూలు బండికి. నీ ఒత్తిడికి వేడిని బిరబిరా బయటికి లాగే కోల్డ్ ప్లగ్గులు కావాల. నిప్పురవ్వ దూకే సందు కూడా తగ్గించాల. అంతకన్నా ముందు ఇంజన్ విప్పి చూడాల."

"ఆంటీ, ఆన్‌లైన్‌లో అందరూ ఇవే బెస్ట్ అంటున్నారు. జస్ట్ ఫిట్ చేయండి. సండే రేస్ ట్రాక్‌కి వెళ్లాలి."

"చెయ్యను."

"ఈ షెడ్డు మాదని గుర్తుందా?"

"షెడ్డు మీదే. చేతులు నావి."

నేను భయపడి ఆమెను పక్కకు పిలిచాను. "బిగించేద్దాం అక్కా. పాడైతే అతని బండే కదా."

"బండి లోపల కూర్చునేది మనిషి," అంది రత్నక్క. "నీకంత ఉబలాటంగా ఉంటే నువ్వే బిగించు. బిగిస్తే మాత్రం రేపు పనికి రావద్దు."

నేను బిగించలేదు. కిరణ్ ఆ ప్లగ్గులు ఇంకోచోట పెట్టించుకున్నాడు. మరుసటి నెలలో షెడ్డు ఖాళీ చేయమని కబురొచ్చింది. సామానంతా టెంపోలో వేసుకుని హెబ్బగోడిలో అందులో సగం కూడా లేని షెడ్డుకు మారాం. దారి పొడవునా నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

కొన్నాళ్లకు ఆ కారు లారీ మీద మా దగ్గరికే వచ్చింది. రెండో పిస్టన్‌కు బొక్క పడింది. కిరణ్‌కు దెబ్బలు తగల్లేదు గానీ, ట్రాక్ మీద నూనె చిమ్మి కారు గిర్రున తిరిగిందట. అతని వెంట తండ్రి కూడా వచ్చాడు.

"తప్పయిందమ్మా. పాత షెడ్డుకే వచ్చేయండి."

"బండి బాగుచేస్తానప్పా. షెడ్డుకు మాత్రం రాను. ఏ ప్లగ్ పెట్టాలో ఈడ నేనే చెప్తా."

కిరణ్ తల వంచుకుని నెమ్మదిగా అడిగాడు: "ఏవి తెప్పించమంటారు ఆంటీ?"

రత్నక్క ఇంజన్ మీద నుంచి తల ఎత్తకుండానే చెప్పింది. అతను రాసుకున్నాడు.

ఆమె పోయి రెండేళ్లయింది. నాకు తలబిరుసు ఎక్కువని మా వర్క్‌షాపులో అందరూ అంటారు. అననీ. చెయ్యకూడని పని చెయ్యమన్నప్పుడు నాకు ఇప్పటికీ భయమేస్తుంది, గొంతు కాస్త వణుకుతుంది. ఆ వణికే గొంతుతోనే చెయ్యనని చెబుతాను.