తెలిసినాయన ఒకరున్నారు

మా ఆఫీసులో నా పక్క బల్ల న్యాయవాదినికి ఒకే ఒక్క అలవాటుంది. ఎదుటివారు ఏ కష్టం చెప్పుకున్నా, దానికి తగిన పునీతుణ్ణి, అంటే చర్చివాళ్లు మొక్కుకునే పుణ్యాత్ముణ్ణి, సొంత మేనమామను పరిచయం చేసినంత చనువుగా పరిచయం చేస్తుంది. "మాకు తెలిసినాయన ఒకరున్నారు" అని మొదలుపెట్టగానే, కొత్తవాళ్లు ఎవరో పెద్ద అధికారి కాబోలనుకుని కుర్చీ ముందుకు జరుపుకుంటారు. తీరా చూస్తే ఆయన కన్నుమూసి శతాబ్దాలై ఉంటుంది. అందుకే ఆమెకు సిఫారసు అని పేరు పడింది.

తాళంచెవి పోతే అంతోనివారు. పంటినొప్పికి అపొలోనియమ్మ. తన కోపానికి కూడా ఎవరైనా ఉన్నారా అని మా సీనియరు ఒకసారి వెటకారంగా అడిగారు.

"జెరోమువారున్నారు సార్. ఆయనకూ మీలాగే ముక్కుమీద కోపం. అయినా పునీతుడయ్యారు. మీకూ ఆశ ఉంది."

ఆ పూటంతా సీనియరు గొంతు పెంచలేదు. అటువంటి అద్భుతాన్ని మేము అంతకుముందు ఎరుగము.

నాకు మాత్రం ఒళ్లు మండేది. లోకాన్ని ఈ వారంలోనే సరిదిద్దాలని న్యాయశాస్త్రం చదివినదాన్ని; పరలోకానికి అర్జీలు పెట్టి ఎదురుచూసే ఓపిక నాకెక్కడిది? పోయినవాళ్లతో ఈ కబుర్లేమిటని నిలదీస్తే, చర్చిలో దివ్యపూజ ముగించుకుని అప్పుడే వచ్చిన ఆమె నింపాదిగా అంది: "అటువైపు వెళ్లినంత మాత్రాన చుట్టరికం తెగిపోతుందటే?"

అంతలో ఒక పెద్దావిడ కేసు నా చేతికి వచ్చింది. ఆమె దర్జీ. ఇల్లూ దుకాణమూ ఒకే అద్దె గది. ఆ సాయంత్రంలోగా ఖాళీ చేయాలని కింది కోర్టు ఉత్తర్వు. పై కోర్టులో స్టే రాకపోతే ఆమె కుట్టుమిషనుతో సహా వీధిన పడుతుంది. నా వాదన ముగిశాక వరండాలో నిరీక్షిస్తూ ఉంటే, సిఫారసు వచ్చి ఆమె పక్కన చేరింది.

"పిన్నీ, మాకు తెలిసినాయన ఒకరున్నారు. యూదా తదేయువారని. అందరూ చేతులెత్తేసిన కేసులన్నీ ఆయనవే."

"ఫీజెంతమ్మా?"

"ఏమీ లేదు. మీ బాధ మీ మాటల్లో చెప్పుకోవడమే. అదీ మీకిష్టమైతేనే."

పెద్దావిడ ఆయనకు కుట్టుపని గురించి తెలుసా అని అడిగింది. దర్జీలకు హోమోబోనుసువారని వేరే ఆయన ఉన్నారట. నేను సిఫారసును పక్కకు లాగి, నా క్లయింటుకు లేనిపోని ఆశలు పెట్టవద్దని గట్టిగానే మందలించాను.

స్టే రాలేదు. అప్పీలు మాత్రం మిగిలింది.

"ఏమంటున్నాడు మీ పెద్దాయన?" అన్నాను. సిఫారసు సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఆఫీసు పని ముగించుకుని నేను పరుగున వెళ్లేసరికి దర్జీ గదికి కొత్త తాళం వేలాడుతోంది. మీ ఆఫీసు అమ్మాయే బండి మాట్లాడి సామానంతా ఎక్కించుకుపోయిందని పక్క ఇస్త్రీ దుకాణం అతను చెప్పాడు.

సిఫారసు ఇంటికి వెళ్లాను. మంచం వంటగదిలోకి చేరింది. చట్టపుస్తకాలు మంచం కిందికి చేరాయి. ఆమె బల్ల ఉండవలసిన కిటికీ దగ్గర కుట్టుమిషను దర్జాగా కూర్చుంది. నేలమీద సిఫారసు, నాలుక బయటపెట్టి, సూదిలో దారం ఎక్కించలేక అవస్థ పడుతోంది.

"ఇదేమిటే?" అన్నాను.

"యూదావారికి చెప్పాను. ఇంట్లో జాగా ఎవరికుందని ఆయన నన్నే అడిగినట్టనిపించింది."

"ఎన్నాళ్లు?"

"నువ్వు అప్పీలు గెలిచేదాకా."

తాళంచెవి పోయిననాడు అంతోనివారి పేరు చెప్పి బీరువాల కింద దుమ్ములో పాకింది ఎవరు? అపొలోనియమ్మను తలుచుకుని, టైపిస్టును పంటి డాక్టరు దగ్గరకు తీసుకుపోయి, చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఎవరు? ఆమె చెప్పే పేర్లకు నవ్వుకున్నామే గాని, వాటి వెంట నడిచిన కాళ్లను మేమెవ్వరమూ చూడలేదు.

అప్పీలు ఇంకా నడుస్తోంది. నిన్న అదే వరండాలో ఎవరో అపరిచితురాలు కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. మా పెద్దావిడ మెల్లగా ఆమె పక్కకు జరిగింది.

"దిగులు పడకమ్మా. నాకు తెలిసినమ్మాయి ఒకతుంది."

"పెద్ద అధికారా?" అంది ఆ మనిషి, ఆశగా కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

"అబ్బే. సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు."