బొమ్మలో కనబడని గుర్రం

కొత్త పుస్తకం వాసన నాకు నచ్చలేదు. ‘కోట కావలి’ అనే పాత బొమ్మల కథను, సినిమా వస్తోంది కదా అని, మొదటి నుంచి చివరి దాకా ఒకే పుస్తకంగా కుట్టి, నున్నటి కాగితం మీద రంగుల్లో అచ్చువేసి, అట్ట మీద సినిమా హీరో మొహం పెట్టి అమ్ముతున్నారు. మా తమ్ముడు యాదగిరి దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. తెరిస్తే కొత్త ప్లాస్టిక్ బకెట్ వాసన వచ్చింది. కోట కావలికి ఉండవలసిన వాసన అది కాదు. దానికి ఉడికిన మైదా బంక వాసన, కిరోసిన్ పొయ్యి వాసన, గుర్రం కోసం పొద్దున్నే ఉడకబెట్టే ఉలవల వాసన ఉండాలి. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే ఆడమనిషిని, తల నెరిసినదాన్ని, ఒక పిల్లల పుస్తకం వాసన గురించి గునుస్తున్నానంటే నాకే విసుగ్గా ఉంది. కానీ ఆ నెలంతా మా ఇంట్లో ఇదే గోల.

తెలియనివాళ్లకు చెప్పాలి. కోట కావలి మా చిన్నప్పుడు ఒక పిల్లల మాసపత్రికలో నెలకు కొన్ని పేజీల చొప్పున వచ్చేది. వీరన్న అనే కోట కాపలావాడు, చేతిలో లాంతరు, పక్కన నుదుట తెల్లమచ్చ ఉన్న మెరుపు అనే గుర్రం. కోటను మింగాలని చూసే మంత్రగాడితో ఏళ్ల తరబడి కొట్లాట. అంతే కథ. దాని కోసం చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద మోటార్లకు వైండింగ్ చేసుకునే నా తమ్ముడు, ఇద్దరు పెళ్లీడు పిల్లల తండ్రి, పని మానుకుని ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. అభిమానులకు ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది, అందులో వీడు పెద్ద మనిషి. వీరన్న లాంతరు ఎడమచేతిలో పట్టుకోవాలా కుడిచేతిలోనా అని అక్కడ పొద్దున మొదలైన తగువు సాయంత్రం దాకా నడిచేది. హీరోకు మీసం సన్నగా ఉందని ఒకడు అలిగాడు. ప్రతి బొమ్మా పుస్తకంలో ఉన్నట్టే, గీత కూడా పక్కకు పోకుండా తీయాలని ఒకాయన హుకుం జారీ చేశాడు. ఆ మర్నాడు ఆయనే, అన్నీ తెలిసినవే అయితే ఇక టికెట్ కొని చూసేదేముంది, కొత్తగా ఏదైనా ఉండాలని రాశాడు. వీళ్లందరినీ మెప్పించే సినిమా ఏ దేవుడూ తీయలేడు. ఇవన్నీ వాడు నాకు ఫోన్ చేసి చదివి వినిపించేవాడు, నేను పిల్లల పేపర్లు దిద్దుకుంటూ ఊ కొట్టేదాన్ని.

కోప్పడతాను గానీ, వాడు ఎక్కడ నుంచి వచ్చాడో నాకు తెలుసు. నేనూ అక్కడి నుంచే వచ్చాను.

మా నాయన జహీరాబాద్ స్టేషన్ దగ్గర జట్కా నడిపేవాడు. రైలు దిగినవాళ్లను బస్టాండుకు, బజారుకు, దవాఖానకు చేరవేసేవాడు. గుర్రం పేరు మోతీ. ఎర్రమన్ను రంగు ఒళ్లు, ఒక చెవి కొస కొంచెం చిరిగి ఉండేది. అమ్మ చెరుకు నరకడానికో అల్లం ఏరడానికో కూలికి పోతే, ఇంట్లో మమ్మల్ని చూసుకున్నది మా చిన్నమ్మ, అంటే మా బాబాయి భార్య. మొగుడంపల్లి పిల్ల, ఐదో తరగతి దాకా చదివింది. పిల్లలు లేరు. మమ్మల్ని తిట్టినంత ఇంకెవరినీ తిట్టేది కాదు, ఎవరన్నా మమ్మల్ని ఒక మాట అంటే వాళ్ల ఇంటిముందుకు పోయి నిలబడేది.

హైదరాబాద్ బస్సులో పత్రికల కట్ట దిగిన రోజు నాయన కోట కావలి వచ్చిన పత్రికను సీటు కింద గడ్డిలో దాచి తెచ్చేవాడు. అందుకే పేజీల మధ్య ఎప్పుడూ గడ్డిపోచలు ఉండేవి. ముందు దాన్ని చిన్నమ్మ చదవాలి, అది మా ఇంటి కట్టడి. జొన్నరొట్టెలు కాల్చుకుంటూ, పిండి చేత్తో పేజీలు తిప్పుకుంటూ, తనలో తాను చదువుకునేది. మేము పొయ్యి ముందు కూర్చుని ఆమె మొహం చూసేవాళ్లం. పెదవి కొరికితే వీరన్నకు కష్టం వచ్చినట్టు, ముక్కుతో నవ్వితే మంత్రగాడికి దెబ్బ పడ్డట్టు. తరువాత మాకు వినిపించేది. పుస్తకంలో వీరన్న ‘ఓరీ దుర్మార్గుడా, నిలువుము’ అనేవాడు. మా ఇంట్లో మాత్రం ‘ఆగురా బాడ్కావ్’ అనేవాడు. అది అయిపోయాక ఆ పేజీలను కోసి, మైదా ఉడకబెట్టి, అంతకుముందు నెలల పేజీల వెనక అంటించి, దబ్బనంతో కుట్టేది. అప్పుడు గానీ పుస్తకం మా చేతికి వచ్చేది కాదు.

ఎండాకాలం సెలవుల్లో వాడలో పిల్లలందరూ చిర్రగోనె ఆడితే మా యాదగిరి కోట కావలి ఆడేవాడు. పాత డబ్బా లాంతరు, గోనెసంచి అంగీ, గుర్రం మాత్రం అసలుదే. మోతీ నుదుట సున్నంతో మచ్చ పెట్టి మెరుపును చేసేవాడు, అది ఓపిగ్గా నిలబడేది. నాయన సాయంత్రం ఆ సున్నం తుడవలేక తిట్టేవాడు. ఎల్లమాస పండుగకు జట్కాలోనే చిన్నమ్మ పుట్టింటి చేనుకు పోయేవాళ్లం. చలిలో చేనుగట్టున కూర్చుని, అన్ని కూరగాయలూ ఆకుకూరలూ శనగలూ కలిపి వండిన భజ్జి, సజ్జరొట్టె, అంబలి కడుపునిండా తినేవాళ్లం, మోతీకి కూడా రొట్టె పెట్టేవాళ్లం. యాదగిరి తన రొట్టెలో సగం ముందే తీసి పక్కన పెట్టుకునేవాడు, అది మోతీ వాటా.

ఆ తరువాతి వానాకాలంలో మోతీ కడుపు ఉబ్బి చచ్చిపోయింది. పశువుల డాక్టర్ వచ్చేసరికే అయిపోయింది. నాయన గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చాడు, నాయన ఏడవడం మేము అప్పుడే చూశాం. యాదగిరికి అప్పుడు ఆరేళ్లుంటాయేమో. వాడు ఏడవలేదు, అన్నం తినడం మానేశాడు. పళ్లెం ముందు పెడితే రొట్టె విరిచి సగం పక్కన పెట్టి, మిగిలిన సగాన్ని కూడా ముట్టకుండా లేచిపోయేవాడు. అమ్మ బతిమాలింది, కొట్టింది, తాయెత్తు కట్టించింది.

ఆ వారమే పత్రిక వచ్చింది. మెరుపు కాలు జారి లోయలో పడటం అంతకుముందు నెలే అయిపోయింది, అక్కడే ‘సశేషం’ అని ఆపారు. చిన్నమ్మ చదువుకుంటూ ఉంటే రొట్టె మాడి పొగ వచ్చింది. మాకు వినిపించడానికి కూర్చున్నప్పుడు పుస్తకం తన వైపే తిప్పి పట్టుకుంది. వీరన్న తాడు కట్టుకుని లోయలోకి దిగాడట. మెరుపు లేచి నిలబడి, గడ్డి మేస్తోందట. కాలుకు పసరు కట్టి, ఇక నువ్వు నా పక్కన నడువు, నీ మీద ఎక్కను అన్నాడట. యాదగిరి అడిగాడు, రొట్టె తిన్నదా అని. తిన్నది, రెండు తిన్నది అని చెప్పింది. వాడూ తిన్నాడు.

తరువాతి నెలల్లో వీరన్న ఒక్కడే కాలినడకన పోతూ కనిపించేవాడు. గుర్రమేదీ అంటే చిన్నమ్మ బొమ్మ చుట్టూ ఉన్న గీతకు అవతల, తెల్ల కాగితం మీద వేలు పెట్టి, ‘గీడ మేస్తున్నది, బొమ్మల కనవడదు’ అనేది. మాకు అది చాలా సబబుగా తోచింది. వీరన్న లోయలోకి దిగిన నెల పేజీలు రెండు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండేవి. బంక ఎక్కువైందేమో అనుకున్నాం.

ఇక సినిమా సంగతి. మొదటి రోజు మార్నింగ్ షోకు యాదగిరి నన్ను లాక్కుపోయాడు. విశ్రాంతికి ముందు లోయ వచ్చింది. మెరుపు తల వీరన్న ఒడిలో పెట్టుకుని కన్ను మూసింది, పాట కూడా పెట్టారు. చుట్టూ ఉన్నవాళ్లు ముక్కులు చీదుతుంటే నా తమ్ముడు లేచి నిలబడ్డాడు.

“గుర్రాన్ని సంపిన్రక్కా,” అన్నాడు. “కథ మొత్తం ఖరాబ్ చేసిన్రు.”

బయటికి వచ్చి అక్కడే మెట్ల మీద కూర్చుని గ్రూపులో రాశాడు, పుస్తకంలో బతికిన గుర్రాన్ని సినిమాలో ఎట్లా చంపుతారని. క్షణాల్లో నవ్వులు మొదలయ్యాయి. గుర్రం పుస్తకంలోనూ చచ్చింది కదా అన్నా, నువ్వు అసలు చదివావా అని ఒకడు. ఎవరో ఆ పేజీ ఫోటో కూడా పెట్టారు. కథ నోటికే వచ్చు కదా అని అప్పటిదాకా ఇద్దరం చదవని కొత్త పుస్తకాన్ని వాడి సంచిలోంచి తీసి చూశాం, నిజంగానే ఉంది. సినిమా కోసం పాత కథనే మార్చి అచ్చువేశారని వాడి వాదన. మిగతావాళ్లు లాంతరు గురించి కొట్టుకుంటే నాకు వెర్రిగా అనిపించింది గానీ, ఈ విషయంలో నాకూ కోపమొచ్చింది. నేనూ విన్నాను కదా, గుర్రం బతికింది.

ఆ మధ్యాహ్నమే చిన్నమ్మ ఇంటికి పోయాం, పాత కుట్టు పుస్తకం ఆమె ట్రంకులోనే ఉంది. వాకిట్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. కళ్లు సరిగా ఆనడం లేదు, వేళ్లతోనే ఒలుస్తుంది. యాదగిరి ట్రంకులోంచి పుస్తకం తెచ్చి, అతుక్కున్న పేజీల దగ్గర తెరిచి, నీళ్లు చిలకరించి విడదీయమని నాకిచ్చాడు. వాటి ఫోటో తీసి అందరి నోళ్లూ మూయించాలని వాడి పంతం. సంగతేమిటో చెప్పాను. ఆమె ఒలవడం ఆపింది.

“అవి తెరవకు బిడ్డా,” అంది. “దాంట్ల గుర్రం సస్తది.”

ఇద్దరం ఆమె మొహంలోకే చూశాం. ఆమెకు మా మీద విసుగొచ్చింది.

“గట్ల సూస్తరేంది? మోతీ పోయి వారం గూడ కాలే. పోరడు ముద్ద ముడుతలేడు. గీ గుర్రం గూడ సచ్చిందని ఎట్ల సదవాలె? అంటువెట్టిన. నాకు తోసింది నేను జెప్పిన.”

యాదగిరి నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. కొంచెంసేపటికి అనపకాయలు తనూ ఒలవడం మొదలుపెట్టాడు. వాడి కళ్లు చూడటం నాకు కష్టమైంది. ఆ రోజు గ్రూపులో, మా ఇంటి పుస్తకంలో గుర్రం చావలేదని ఒక్క మాట రాసి బయటికి వచ్చేశాడు. వాళ్లు దానికీ నవ్వే ఉంటారు.

చిన్నమ్మ తనకూ సినిమా చూపించమంది. కనబడదు కదా అంటే, వినబడుతుంది అంది. ఆటోలో స్టేషన్ ముందు నుంచి పోయాం. జట్కాలు నిలబడే చోట ఇప్పుడు మొబైళ్ల దుకాణాలు, గుర్రాలు నీళ్లు తాగే తొట్టిని పగలగొట్టి మోటారు సైకిళ్లు నిలుపుతున్నారు. ఆ మాసపత్రిక ఎప్పుడో ఆగిపోయింది, బస్టాండులో పుస్తకాల దుకాణమే లేదు. నాయన లేడు, అమ్మ లేదు. మైదా ఉడకబెట్టి ఏదైనా అంటించే ఇల్లు మా వాడలో ఒక్కటీ మిగల్లేదు.

లోయ వచ్చింది, పాట మొదలైంది. చిన్నమ్మ తడుముకుని, తల నెరిసిన నా తమ్ముడి చెయ్యి పట్టుకుంది. ఆమెకు చెవులు కూడా మందగించాయి, మెల్లగా మాట్లాడుతున్నానని అనుకుంటుంది గానీ హాలు సగానికి వినబడుతుంది.

“సావలే బిడ్డా. పక్కకు మేస్తున్నది, బొమ్మల కనవడదు.”

ముందు వరసలోంచి ఎవరో విసుగ్గా వెనక్కి తిరిగి, “జర సప్పుడు జేయకుండ్రి పెద్దమ్మా, సినిమా సూడనియ్యుండ్రి,” అన్నారు. యాదగిరి ఆమె చేతిని వదలకుండా, “అవునే చిన్నమ్మా, మేస్తున్నది,” అని ఇంకా గట్టిగా చెప్పాడు.