పువ్వు అడిగి పెట్టిన సర్వర్

మొన్న మా మనవరాలు స్నేహితురాళ్లతో కలిసి ఆడుకునే ఆట కోసమని ఒక సర్వర్ పెట్టుకుంటూ నా పక్కనే కూర్చుంది. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కావాలని తెర అడిగితే, పేరైనా చదవకుండా పైన ఉన్నదాన్ని నొక్కేసి, లేచి వెళ్లి మామిడిపండు కోసి తెచ్చుకుంది. ఆమె తిరిగొచ్చేసరికి ఆ ఆట లోకం తయారై కూర్చుంది. ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఒక ఎండాకాలమంతా మా బంధుబలగం మొత్తం బుర్రలు బద్దలు కొట్టుకుని, చివరికి అమ్మవారి ముందు పువ్వు అడిగిందని చెబితే ఈ పిల్ల నవ్వుతుంది. మీరు నా ఈడువాళ్లైతే నవ్వినా కాస్త ఆగి నవ్వుతారు గనుక మీకు చెప్పుకుంటున్నాను.

మాది కోయంబత్తూరు. ఏ కాలంలోనో ఇటు వచ్చి, నల్లరేగడి చూసి ఆగిపోయిన తెలుగువాళ్లం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు. మాలో తెలుగు చదవగలిగినవాళ్లను వెతకాలంటే పట్టపగలు దీపం పట్టుకుని తిరగాలి, నేనైనా అక్షరాలు దిద్దుకున్నది తల నెరిశాకే. అప్పట్లో ఒక నూలు మిల్లు కంప్యూటర్ గదిలో ప్రోగ్రాములు రాసేదాన్ని. మా బావ, అంటే మేనత్త కొడుకు, మోటారు పంపుల ఫౌండ్రీ నడిపేవాడు. కంప్యూటర్ అన్న మాట వినబడితే చాలు, కరిగిన ఇనుమును కూడా వదిలి వచ్చేవాడు.

మా కులదేవత గుడి మేట్టుపాళయం దగ్గర ఉంది. ఏటా అక్కడ పొంగలి పెట్టి, కుండ దించే ముందు బంధువుల్లో పెద్దావిడ ఒక్కో ఇంటిపేరూ ఎలుగెత్తి పిలవాలి, ఆ ఇంటివాళ్లు ఉన్నాం అని పలకాలి, అందరూ పలికాకే కుండ దించాలి. ఆ పెద్దావిడ మా మేనత్త, ఈ బావ తల్లి. ఆండిపట్టిలో ఉండేది, ఉరుములాంటి గొంతు, ఆమె పిలిస్తే పక్క తోటలో కాపలావాడు కూడా పలికేవాడని మేం ఎగతాళి చేసేవాళ్లం. అటువంటి మనిషి జారిపడి తుంటి విరిగి మంచాన పడింది. ఆమె కదలలేదనేసరికి దిండిగల్ వాళ్లకు తీరిక లేకపోయింది, మదురై వాళ్లకు సెలవు దొరకలేదు, గుడి దగ్గరికి వచ్చే ఇళ్లు చేతివేళ్ల లెక్కకు తగ్గిపోయాయి. అత్తకు తన కాలు పోయిందన్న దిగులు లేదు, పిలుపు ఆగిపోతుందనే దిగులు. బతికుండగా ఇంకొక్కసారి అన్ని ఇళ్లూ పలకగా వినాలని మమ్మల్ని అడిగింది.

ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. ఫోన్లో ఒకరితో ఒకరే మాట్లాడగలిగిన రోజులవి, ఈ పిలుపేమో అందరూ వింటుండగా పిలవాల్సింది. అందుకని మా బావ కంప్యూటర్లో ఒక ఊరే కట్టేద్దామన్నాడు. తెర మీద గుడి, చుట్టూ పెంకుటిళ్లు, ఇంటి ముందు మనిషి బొమ్మ, ఎవరి ఊళ్లో వాళ్లు బ్రౌజింగ్ సెంటర్‌లో కూర్చుని ఆ బొమ్మను నడిపించుకుంటూ గుడికి రావడం. దిండిగల్లో తాళాల వ్యాపారం చేసే చిన్నాన్న తన పెంకుటింటి తలుపుకు తాళం ఉండాల్సిందేనన్నాడు. ఆ లోకంలో దొంగలు లేరు చిన్నాన్నా అని ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు, చివరికి తాళం బొమ్మ గీసి తగిలించాం.

ఊరు కట్టడం ఒక ఎత్తు, దాన్ని మోసే సర్వర్‌కు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలో తేల్చడం ఒక ఎత్తు. విండోస్ అయితే నాకు చేతికి అలవాటు, పనిముట్లన్నీ ఒకే కిటికీలో అమరి ఉంటాయి, తప్పెక్కడుందో వేలు పెట్టి చూపిస్తాయి. లినక్స్ అయితే రోజుల తరబడి నిలబడుతుందని బావ స్నేహితులు ఊదరగొట్టారు. సరే లినక్స్ అనుకుంటే అందులో మళ్లీ శాఖలు, ఉపశాఖలు, మన సంబంధాల వెతుకులాటలో గోత్రం కుదిరితే ఇల్లు కుదరనట్టు ఒకదాంట్లో ఉన్నది ఇంకొకదాంట్లో లేదు. ఒకాయన జావాలో రాయమంటే, ఇంకొకాయన సి ప్లస్ ప్లస్ తప్ప ఏదీ పనికిరాదన్నాడు. నాకు ఎవరు మాట్లాడితే వాళ్లదే నిజమనిపించేది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ అంతే.

ఆఖరికి బావ మా ఇంటి పద్ధతికే వచ్చాడు. పెళ్లి సంబంధానికైనా, బావి తవ్వకానికైనా ఎటూ తేలకపోతే మేం అమ్మవారిని పువ్వు అడుగుతాం. తెల్ల గన్నేరు ఒక ఆకులో, ఎర్ర గన్నేరు ఒక ఆకులో ఒకేలా పొట్లం కట్టి గర్భగుడి ముందు వేస్తే, పూజారి కళ్లు మూసుకుని ఒకటి తీస్తాడు. తెలుపు లినక్స్, ఎరుపు విండోస్ అనుకున్నాం. తెలుపు వచ్చింది. ఆ క్షణాన నా తల మీంచి ఎంత బరువు దిగిందో చెప్పలేను.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. ఊరు చక్కగా నిలబడింది, బొమ్మలు నడిచాయి, రాసిన మాటలు బొమ్మల తలల మీద తేలాయి. అయితే గొంతును మోసుకెళ్లే భాగం ఒకటి వేరే చోటినుంచి తెప్పించాం, విప్పి చూస్తే అది విండోస్ సర్వర్ మీద తప్ప నడవనిది. సొంతంగా రాసుకునే తెలివీ వ్యవధీ మాకు లేవు. మార్చేద్దాం బావా, మళ్లీ పువ్వు అడుగుదాం అన్నాను. ఒకే సంగతిని ఏడాదిలో రెండోసారి అడగకూడదన్నది కట్టుబాటు.

“సామి చెప్పినంక మళ్లా మాత్తేది లేదుమా,” అన్నాడు బావ, ఇక మాట మార్చే పని లేదన్నట్టు చెయ్యి ఊపి.

పండగనాడు బావ కోయంబత్తూరులో సర్వర్ దగ్గర కాపలా ఉంటే, నేను ఆండిపట్టిలో అత్త మంచం పక్కనే కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కడికక్కడ ఎవరింట్లో వాళ్లు పొయ్యి మీద కుండ పెట్టి, ఇంటికొకరు బ్రౌజింగ్ సెంటర్‌లో కూర్చుని కబురు కోసం చూస్తున్నారు. అత్త మొదటి ఇంటిపేరు పిలిచింది. నేను దాన్ని తమిళ అక్షరాల్లో కొట్టాను. ఆ ఇంటి బొమ్మ తల మీద ఉన్నాం అన్న మాట తమిళ అక్షరాల్లోనే తేలింది. బడి ముఖం ఎరగని మా అత్త నా వంక చూసింది. ఉన్నామంటున్నారు అత్తా అని చదివి చెప్పాను.

“నువ్వు చెప్తాండావు. వాళ్లు చెప్పలే,” అంది. తెర మీది బొమ్మలను వేలితో చూపి, “అంతమంది నిలబడుకోని ఉండారే, ఒకరన్నా నోరు తెరవరా?” అని అడిగింది.

లినక్స్ అని చెప్పనా, పువ్వు అని చెప్పనా? అమ్మవారిని మేం ఏ సర్వర్ అని అడిగాం గాని, అత్తకు వాళ్ల గొంతు వినబడాలంటే ఏం చేయాలని అడగనేలేదు. ఆ తల్లి అడిగినదానికి జవాబు చెప్పింది. ఆ మాట నాకు ఆ మంచం పక్కన కూర్చున్నప్పుడే తోచింది, తోచి ఏం లాభం.

అత్త పిలుపు మానలేదు. ఒక్కో పేరూ పిలిచి, వినబడుతుందేమోనని ఆగి, నా ముఖం చూసేది. మూడో నాలుగో ఇంటినుంచి ఇక చదివి చెప్పడం మానేసి, ఆ ఇంటి మనిషినైనట్టు నేనే ఉన్నాం అని గట్టిగా పలకడం మొదలుపెట్టాను. అత్త కళ్లు మూసుకుని విన్నది. చివరి ఇల్లు పలికాక, కుండలు దించమని రాయమంది. మరుసటి ఏటికి అత్త లేదు. ఆ ఊరూ పోయింది, పెంకుటిళ్లూ చిన్నాన్న తాళమూ ఏ డిస్కులో చెరిగిపోయాయో నాకు తెలియదు.

ఇప్పుడు పెద్దావిడను నేను. ఏ సర్వర్ ఎక్కడుందో, దాని మీద ఏముందో అడిగే పనే లేదు, ఫోన్ ఎదురుగా పెట్టుకుంటే అందరి ముఖాలూ కనబడతాయి, అందరి గొంతులూ వినబడతాయి. పోయినసారి నేను ఇంటిపేర్లు పిలిచినప్పుడు నాలుగైదు ఇళ్లవాళ్లు నోరు తెరిచి పలికారు, మిగతావాళ్లు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నారు. ఉన్నామనే దాని అర్థం, కాదనను. అయినా నేను ఒక ఇంటిపేరు మళ్లీ పిలిచి, అత్త ఆగినట్టే కాసేపు ఆగాను. మళ్లీ ఆ బొమ్మే వచ్చింది.