ఐదుకు ఐదు నిద్ర

నలభై దాటాక పీహెచ్‌డీలో చేరతానంటే ఇంట్లో ఎవరూ వద్దనలేదు, ఎవరూ నమ్మనూ లేదు. హైటెక్ సిటీలో టీమ్ లీడ్ ఉద్యోగం, మణికొండలో కాపురం, శనివారాలు పరిశోధనా పద్ధతుల క్లాసు. ఆ కోర్సు చివర్లో ఒక చిన్న అధ్యయనం చేసి అందరి ముందు వివరించాలి. అందులో పాసైతేనే నా అంశం ఖరారవుతుంది. తప్పితే మళ్ళీ మొదటి శనివారం నుంచి మొదలు. ఆ మాట తలుచుకుంటేనే నాకు నీరసం వచ్చేది.

నా అంశం రాత్రి షిఫ్టు చేసేవాళ్ళ పగటి నిద్ర. దీనికోసం ఊరంతా తిరగడం ఎందుకు, మా అపార్ట్‌మెంటు ఉండగా, అనుకున్నాను. సగంమంది రాత్రంతా అమెరికాకు పనిచేసి పొద్దున్నే ఇక్కడ పడుకునేవాళ్ళే. కొన్ని వాక్యాలు రాసి వాళ్ళందరి ఫోన్లకూ పంపాను. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా అంకె వెయ్యాలి. ఐదంటే పూర్తిగా నిజమని అర్థం.

మర్నాటికల్లా అందరూ నింపేశారు. మా బిల్డింగు వాళ్ళ మీద ప్రేమ పొంగుకొచ్చింది. తెరిచి చూస్తే అన్నీ ఐదులే. పగలు గాఢంగా నిద్రపడుతుంది, ఐదు. పగలు నిద్రపట్టక అవస్థపడుతున్నాను, అదీ ఐదే. ఇరుగుపొరుగు చప్పుళ్ళతో నాకు ఏ ఇబ్బందీ లేదు, ఐదు. అంటే మావాళ్ళు గుర్రుపెడుతూ మేలుకుని ఉంటున్నారన్నమాట.

ఆఫీసులో పక్క సీటాయనకు గోడు చెప్పుకుంటే, దీనికింత బాధెందుకు, కొన్ని ఐదుల్ని రెండులూ మూడులూ చేసేస్తే సహజంగా ఉంటుంది, కావాలంటే తానే చేసిపెడతానన్నాడు. తలనొప్పికి మాత్ర ఇచ్చినంత దయగా అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆశ పుట్టింది. కానీ అంతకుముందు శనివారమే పరిశోధనలో నీతి గురించి క్లాసు జరిగింది. దొంగ లెక్కలు రాసేవాళ్ళను జన్మలో మళ్ళీ గడప తొక్కనివ్వకూడదని అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది నేనే. ఆ ఉపన్యాసం గుర్తొచ్చి వద్దన్నాను.

మా ప్రొఫెసర్‌గారు కాకినాడ వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఆ ఐదులన్నీ చూసి నవ్వలేదు. ఎదురుగా కూర్చుని అడిగితేనే తెలుస్తుందని, ఎలా అడుగుతానో తన మీద చేసి చూపించమన్నారు. నేను ఊపిరి తీసుకోకుండా అడిగాను. నిన్న ఎన్నింటికి పడుకున్నారు, వెంటనే పట్టిందా, పట్టి ఉండదులెండి, ఈ ఎండలకు ఎవరికి పడుతుంది, ఏసీ వేసుకున్నారా?

"ప్రశ్నా మీదే, జవాబూ మీదేనండి. మధ్యలో నేనెందుకు?" అన్నారాయన. "ఒక్కటే అడగండి. అడిగాక నోరు కదపకండి. ఆ నిశ్శబ్దాన్ని అవతలివాళ్ళే నింపుతారు."

నోరు కదపకపోవడం నా ఉద్యోగానికే కాదు, నా పుట్టుకకే విరుద్ధం. మా కడప ఇంట్లో మెల్లగా మాట్లాడితే ఒంట్లో బాగాలేదా అని అడిగేవారు.

అయినా ఒక సాయంత్రం సరిగ్గా మా కింది ఫ్లాటుకు వెళ్ళాను. ఆ అమ్మాయిది హఫీజ్‌పేట్, రాత్రుళ్ళు కస్టమర్ కాల్స్ తీసుకునే ఉద్యోగం. అప్పుడే లేచినట్టుంది, కళ్ళు వాచి ఉన్నాయి. టీ పెట్టి, ఐదుల సంగతి తానే చెప్పింది.

"తక్కువిస్తే నీ చదువుకు దెబ్బ పడ్తదేమోనని ఇచ్చిన అక్కా. మా ఆఫీసుల కస్టమర్ నాలుగిస్తే గూడ మేనేజర్ పిలుస్తడు."

నాకు దిమ్మతిరిగింది. ఇక్కడ క్యాబ్ దిగినా, బిర్యానీ తెప్పించుకున్నా, ఎవరి పొట్ట కొట్టడమెందుకని ఫోన్లో ఐదు స్టార్లు నొక్కి పారేస్తాం. నా నిద్ర ప్రశ్నలకూ అదే మర్యాద జరిగింది.

ఈ అంకెలు వదిలేద్దామని, నిన్న పొద్దున పడుకున్నాక ఏమైందో చెప్పమని అడిగాను. అడిగి ఊరుకున్నాను. ఆమె ఫ్యాన్ వైపు చూసింది. బిస్కెట్ల ప్లేటు నా వైపు జరిపింది. నోరు జారకుండా ఒకటి తీసుకుని అందులో పెట్టుకున్నాను.

"ఏమనుకోకు అక్కా," అంది చివరికి. "నిద్ర మంచిగనే వస్తది. నువ్వు బాల్కనీలకొచ్చి ఫోన్ల మీటింగ్ మొదలువెట్టేదాంక."

బిస్కెట్ గొంతులో అడ్డం పడింది. ఆమె నీళ్ళిచ్చి, మొదలుపెట్టాను కదా పూర్తిచేద్దామన్నట్టు అడిగింది.

"గా లాగిన్ పేజీ శుక్రవారం ఇస్తనన్నవ్. ఇచ్చినవా?"

ఇవ్వలేదు. ఆ సంగతి మా మేనేజరుకు కూడా ఇంకా తెలియదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఇన్నాళ్ళూ మెట్ల మీద ఎదురైనప్పుడల్లా నవ్వుతూ పలకరించింది ఈ పిల్ల, ఒక్క మాట అనలేదు. ఆమె నిద్ర చెడగొట్టి, ఆ నిద్రకు మార్కులు వెయ్యమని ఆమెనే అడిగాను.

ఇది క్లాసులో చెప్పుకోవచ్చా అని అనుమతి అడిగాను. నియమం ప్రకారం అడగాలి.

"నా పేరు చెప్పకు," అంది. "నీ పేరు చెప్పుకో."

చెప్పాను. ఆ శనివారం క్లాసులో మొత్తం చెప్పాను. అందరూ ఐదులే ఎందుకిచ్చారో, అడిగిన మనిషే పైఫ్లాటు చప్పుడైతే కిందివాళ్ళు నిజమెందుకు చెప్పరో. హాలంతా నవ్వారు. ప్రొఫెసర్‌గారు మాత్రం ఇది దాచెయ్యాలనిపించలేదా అని అడిగారు. అనిపించిందనే చెప్పాను. పాసు చేశారు. అయితే అసలు పరిశోధన మాత్రం నా గొంతు వినపడని చోట, నిజాంపేట హాస్టళ్ళలో చేసుకోమన్నారు.

అప్పటినుంచి మీటింగులు లోపలి గదిలో, కిటికీలు మూసి, మెల్లగా. ఒంట్లో బాగాలేదా అని మా టీమంతా అడిగారు. కొన్నాళ్ళకు లిఫ్టులో ఆ అమ్మాయి కనిపిస్తే, ఇప్పుడు నిద్రెలా ఉందని అడిగాను.

"మస్తు పడ్తది అక్కా. ఐదుకు ఐదు."

ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ అంత డబ్బూ, అన్ని శనివారాలూ పోసి నేర్చుకున్న చదువు ఊరుకోనిచ్చిందా? నోరు మూసుకుని నిలబడ్డాను. ఆమె ఫ్లోర్ వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఆమె దిగలేదు.

"పొద్దుగాల్ల నీ మిక్సీ ఒక్కటి," అంది, "జర చూడు అక్కా."