సొంతవాక్యం మేడమ్

ఆవిడ టీచరు కాదు. ఈ సంగతి ముందే చెప్పెయ్యాలి, ఎందుకంటే కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ ఆవిడ మొదట చెప్పేది అదే. ఉద్యోగం చేసినన్నాళ్లూ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, ఈ వైరు పీకి ఆ కంతలో గుచ్చుతూ, ఒకరి మాటలు ఇంకొకరికి అందించింది. ఇంగ్లీషు అక్కడే అబ్బింది. రిటైరయ్యాక చేతులు ముడుచుకుని కూర్చోవడం తనవల్ల కాక, టైలరమ్మ కొట్టు వెనక గదిలో సాయంత్రాలు పెద్దవాళ్లకి ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టింది. బట్టల తానుల మధ్య చోటున్న చోట కూర్చోవాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లకి కుట్టుమిషను ముందున్న స్టూలే గతి.

రోజుకి ఒక్కటే మాట. పాత క్యాలెండరు కాయితం వెనక పెద్ద అక్షరాలతో రాసి గోడకి పిన్ను గుచ్చుతుంది. అర్థం చెప్తుంది. ఆ తర్వాత మొదలవుతుంది అసలు తిప్పలు. ప్రతివాళ్లూ ఆ మాటని సొంతవాక్యంలో వాడాలి. సొంతం అంటే నిజంగా సొంతమే అయ్యుండాలి. పుస్తకంలోది పనికిరాదు, పక్కవాడిది అసలు పనికిరాదు. మన ఇంట్లోనో, పని దగ్గరో, మన కళ్లముందు జరిగినదై ఉండాలి.

"ఇంట్లో దేనికీ అంటుకోని మాట వీధి చివరికెళ్లేసరికి రాలిపోతుంది. నా మాట నమ్మండి," అనేది. నమ్మకపోతే ఊరుకునే మనిషా! పట్టిన పట్టు విడవదు. ఆ పట్టు వల్లే నలుగురికీ నాలుగు ముక్కలు వచ్చాయి, ఆ పట్టు వల్లే ఆవిడకి సొంతవాక్యం మేడమ్ అని పేరు పడింది. ఆ పేరు విని మురిసిపోయేది కూడాను.

ఒకరోజు గోడమీదికి ఎక్కిన మాట ట్రికిల్.

"గబగబా పారడం కాదు. టప్పుటప్పున బొట్లు రాలడమూ కాదు," అంటూ చూపుడువేలిని గాల్లో మెల్లగా కిందికి జార్చింది మేడమ్. "సన్నగా, తీరిగ్గా, ఎవరూ గమనించకుండా కారడం. అర్థమైందా? ఊఁ, కానివ్వండి."

టాక్సీ నడిపే డ్రైవరు తమ్ముడు ముందు లేచాడు. కారులో ఏసీ నీళ్లు సన్నగా కారి వెనక కూర్చున్న పెద్దమనిషి మెడమీదకి దిగాయట. పామనుకుని ఆయన నడిచే బండిలోంచి దూకబోయాడట. గది ఘొల్లుమంది. టైలరమ్మ మిషను నూనె ఎవరిదో తెల్లగౌనుమీద కారితే, అక్కడ ఓ పువ్వు కుట్టి, కొత్త డిజైనని చెప్పి పంపించేసిందట. "ఎవరిదమ్మా ఆ గౌను?" అంటే మాత్రం నోరు విప్పలేదు. సెక్యూరిటీ బాబాయి వాక్యం ఇంకా బావుంది. వాన నీళ్లు టోపీలోంచి వీపు మీదికి కారుతుంటే, ఎదురుగా ఆఫీసరు ఉన్నాడని సెల్యూట్ దించకుండా అలాగే నిలబడ్డాడట. మేడమ్ ముగ్గురికీ చప్పట్లు కొట్టించింది.

ఇక మిగిలింది ఇస్త్రీ అక్క. నాలుగు వీధుల బట్టలు ఇస్త్రీ చేసే మనిషి, నెమ్మదస్తురాలు. కానీ ఇప్పుడు ఇంటింటికీ ఇస్త్రీపెట్టెలొచ్చి ఆ పని చిక్కిపోతోంది. పెద్దాసుపత్రి వార్డుల్లో రోగుల్ని చూసుకునే ఆయాల్ని తీసుకుంటున్నారని తెలిసి క్లాసులో చేరింది. అక్కడి నర్సులు తలో రాష్ట్రం నుంచీ వచ్చినవాళ్లు కాబట్టి ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే. సోమవారమే అది. ఆ ఉద్యోగం రాకపోతే ఇల్లు ఎలా గడవాలో ఆమెకి తోచడం లేదు. ఆ సంగతి క్లాసందరికీ తెలుసు.

"కుళాయిలోంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి," అంది ఇంగ్లీషులో, తప్పు లేకుండా.

"మీ ఇంటి కుళాయేనా?" అంది మేడమ్.

"వాళ్లింట్లో కుళాయెక్కడిది మేడమ్, వీధి పంపే కదా!" అని టైలరమ్మ అందించింది.

"అయితే అరువు తెచ్చుకున్న వాక్యమన్నమాట. ఇంకోటి చెప్పు."

"కొండమీంచి నీళ్లు..."

"ఏ కొండమ్మా?"

అందరూ నవ్వారు. దురుద్దేశం లేదు, రోజూ నవ్వుకునే నవ్వే. ఇస్త్రీ అక్క ముఖం మాత్రం పాలిపోయింది.

"ఇంట్లో సన్నగా కారేది ఒక్కటైనా ఉండదా? మీ ఆయన ఊరెళ్లాడు, సరే. నీ కంట్లోంచైనా ఏదో ఒకటి కారాలిగా!" అని మేడమ్ మరో మాట విసిరింది.

"ఇస్త్రీపెట్టెలో నిప్పులేసి వచ్చానండీ," అని ఇస్త్రీ అక్క లేచి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మొదట మేడమ్‌కి కోపం వచ్చింది. ఇంటర్వ్యూ నెత్తిమీదుంటే ఈ అలకలేమిటి! తర్వాత తను విసిరిన ఆ ఆఖరి మాట గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. చెప్పులేసుకుని బయల్దేరింది.

ఇంటి ముందు బల్ల, బల్లమీద బట్టల కుప్ప. మేడమ్‌ని చూడగానే ఇస్త్రీ అక్క తడబడి గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"లోపలికి రమ్మనవా ఏమిటి?"

"ఇల్లంతా చిందరవందరగా ఉందండీ. ఆయన కూడా ఊళ్లో లేరు, పని మీద వెళ్లారని చెప్పాను కదా..."

మాట పూర్తవలేదు. లోపల చెంచా కిందపడింది. ఆ వెంటనే ఎవరో గొంతు పెగలక పెట్టిన మూలుగు. ఇస్త్రీ అక్క చేతిలో చొక్కా అక్కడే పడేసి లోపలికి పరిగెత్తింది. ఎవరికేమైందోనని మేడమ్ కూడా వెనకే వెళ్లింది.

కుర్చీలో ఒక మగమనిషి. మెడచుట్టూ తువ్వాలు. ఒక చెయ్యి ఒళ్లో చచ్చుగా పడి ఉంది. నోరు ఒకపక్కకి జారిపోయి, తాగిన జావ ఆ మూలనుంచి సన్నగా కిందికి కారుతోంది. ఇస్త్రీ అక్క పడ్డ చెంచా కోసం వంగుతూనే, అతని వైపు చూడనైనా చూడకుండా, చెయ్యి చాచి తువ్వాలు అంచుతో ఆ ధారని గడ్డం దాటకముందే తుడిచేసింది. ఆ చేతికి ఆ దారి కొట్టినపిండి.

అతను మేడమ్‌ని చూశాడు. చూసి ముఖం గోడవైపు తిప్పేసుకున్నాడు.

మేడమ్ గుర్తుపట్టింది. ఎవరు గుర్తుపట్టరు! బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికొస్తుందో చెప్పే మైకాయన. ఆ గొంతు వినే జనం పరిగెత్తేవాళ్లు, ఆ గొంతు వినే ఆగేవాళ్లు. పిల్లలు ఆయన్ని అనుకరిస్తూ బస్సులాట ఆడుకునేవాళ్లు. తనకి పక్షవాతమొచ్చి మాట పోయిందని లోకానికి తెలియకూడదని, ఈ నోటిని ఎవరూ చూడకూడదని ఆయన పెళ్లాం చేత ఒట్టు వేయించుకున్నాడట. ఆమె ఊరెళ్లాడని చెప్తూ వచ్చింది. ఇంతకాలం ఒంటిచేత్తో ఇస్త్రీ, ఒంటిచేత్తో మొగుడు. ఒక్కళ్లకీ చెప్పుకోలేదు.

మేడమ్ నాలుక కరుచుకుంది.

"తప్పు నాదమ్మా," అంది. "సొంతం సొంతం అని అరిచానే గానీ, సొంతమైనది దాచుకునే హక్కు కూడా మనదేనని నా బుర్రకి తట్టలేదు. నీ కుళాయి వాక్యమే రైటు. దాంతోనే వెళ్లు."

ఇస్త్రీ అక్క కళ్లొత్తుకుంది.

"కానీ ఒకటి. రోగుల్ని చూసుకున్న అలవాటుందా అని వాళ్లు తప్పకుండా అడుగుతారు. ఏం చెప్తావు?"

"లేదని చెప్తానండీ. ఆయనకి మాటిచ్చాను."

అది చెప్తే ఉద్యోగం రాదు. ఆ విషయం ముగ్గురికీ తెలుసు. రెండు చేతులా చేసిన పని ఉండి, దాన్ని చూపించడానికి లేదు. నిజం చెప్పి తీరాలని వాదించడం మేడమ్‌కి వెన్నతో పెట్టిన విద్య. ఆ రోజు మాత్రం ఆ వాదన గొంతుదాకా వస్తే మింగేసింది. కుర్చీ దగ్గరికి వెళ్లి, ఆయన తలమీంచి కాకుండా ఆయనతోనే మాట్లాడింది.

"మైకు గారూ, ఆమె దగ్గర ఒక వాక్యం ఉంది. అయితే అది మీది. మీరు ఇస్తేనే వాడుకుంటుంది. ఇవ్వలేదనుకోండి, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు, ముందు నేను అననివ్వను."

ఆయన గోడవైపు నుంచి ముఖం తిప్పలేదు. మేడమ్ దండం పెట్టి వచ్చేసింది. వీధిలో ఎవరడిగినా, ఇస్త్రీ అక్కకి కాస్త జ్వరమని చెప్పింది. జీవితంలో అంత అందంగా అబద్ధం ఆడటం ఆవిడకి అదే మొదలు.

సోమవారం మేడమ్ అందరికంటే ముందే ఆసుపత్రి మేడమీది వరండాలో బెంచీమీద కూర్చుంది. ఇస్త్రీ అక్క ఆలస్యంగా, రొప్పుతూ వచ్చింది. మడత నలగని చీర. ఏదో చెప్పబోయింది గానీ అంతలోనే లోపలికి పిలిచారు. ఉక్కపోతకి తలుపు ఓరగా తీసే ఉంది. మేడమ్ చెవులు రిక్కించింది. వినడమే కదా ఆవిడ వృత్తి!

హెడ్ నర్సు పొడవాటి మనిషి, ఆవిడ ఇంగ్లీషు ఇంకోరకం యాస. పేరడిగింది. పనేమిటని అడిగింది. ఇస్త్రీ అక్క తడుముకోకుండా చెప్పింది. తర్వాత నర్సు అడగనే అడిగింది, ఎప్పుడైనా రోగిని చూసుకున్నావా అని.

మేడమ్ కొంగు అంచు వేళ్లకి చుట్టుకుంటూ కూర్చుంది. కుళాయి చెప్పెయ్యవే తల్లీ, కొండ చెప్పెయ్యి, ఏదో ఒకటి చెప్పెయ్యి అని లోలోపల అనుకుంది.

"ఫుడ్ ట్రికిల్స్ ఫ్రమ్ మై హస్బెండ్స్ మౌత్," అంది ఇస్త్రీ అక్క. "ఐ వైప్. ఎవ్రీ డే, ఐ వైప్."

మేడమ్‌కి కళ్లు నిండిపోయాయి. ఆ వాక్యంలో తను నేర్పింది ఒక్క మాటే.

హెడ్ నర్సు గొంతు కాస్త మెత్తబడింది. ఎలా తినిపిస్తావు, ఒళ్లు పుండు పడకుండా ఎలా తిప్పుతావు అని వరసగా అడిగింది. ఇస్త్రీ అక్కకి ఇంగ్లీషు అందినంతవరకు ఇంగ్లీషు, అందనిచోట చేతులు. చేతులతో చెప్పినవే ఎక్కువ. వచ్చే వారం నుంచి పనిలోకి రమ్మని చెప్పి, చివరగా నర్సు అడిగింది:

"ఇప్పుడు మీ ఆయన దగ్గర ఎవరున్నారు?"

ఇస్త్రీ అక్క కిటికీవైపు వేలు చూపించింది. హెడ్ నర్సు లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. మేడమ్ కూడా ఆగలేక వరండా చివరికి నడిచి కిందికి తొంగిచూసింది.

గేటు పక్కన డ్రైవరు తమ్ముడి టాక్సీ ఆగి ఉంది. దాని పక్కనే ఆసుపత్రి చక్రాల కుర్చీలో, పట్టపగలు, రోడ్డువైపు ముఖం పెట్టి మైకాయన కూర్చున్నాడు. ఖాకీ బట్టల్లో ఒక బస్సు కండక్టరు ఆయన ముందు మోకాళ్లమీద కూర్చుని, రెండు భుజాలూ పట్టుకుని, "అన్నా, ఎక్కడికి పోయావన్నా ఇన్నాళ్లూ!" అని ఏడుస్తున్నాడు. చుట్టూ జనం మూగుతున్నారు. మైకాయన నోరు తెరిచి ఏదో చెప్తున్నాడు, ఒక్కో ముక్కా కూడదీసుకుంటూ. చెప్తుంటే నోటి మూలనుంచి సన్నగా కారుతూనే ఉంది. డ్రైవరు తమ్ముడు తుడుద్దామని తువ్వాలు పట్టుకుని వంగాడు. ఆయన బాగున్న చేత్తో ఆ తువ్వాలు పక్కకి నెట్టేసి, చెప్పేది చెప్పుకుంటూనే పోయాడు.