కింది భాగం నిండని కిడ్నీలు

"కోసేటప్పుడు కనపడనిదేదైనా తెగిపోతే?"

ఆమె ఆ మాట ఎవరితోనూ అనలేదు. వైద్య కళాశాలలో అవయవాల అచ్చులు పోసే గదిలో కుళాయి కింద చేతులు కడుక్కుంటూ తనలో తానే అనుకోబోయి పైకి అనేసింది. పక్కన గాజు సీసాలు తుడుస్తున్న ఎర్రచేతులాయన చెవిన పడింది.

ఆమె ఆ కళాశాలలో శరీరధర్మశాస్త్రం చెప్పే ట్యూటరు. నాలుగేళ్ల కూతురికి ఎడమ కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టం మొదట్లోనే నొక్కుకుపోయి కిడ్నీ ఉబ్బింది. వచ్చే వారం ఆపరేషను. ఎర్రచేతులాయన ఇరవై ఎనిమిదేళ్లుగా అక్కడే టెక్నీషియను. దానంగా వచ్చిన దేహాల్లోంచి తీసిన అవయవాల ధమనుల్లోకి సిరంజితో ఎర్ర రెజిన్ జిగురు ఎక్కించి, గట్టిపడ్డాక యాసిడ్‌లో ముంచుతాడు. మాంసమంతా కరిగిపోయి, వెంట్రుకంత సన్నని కొమ్మలతో రక్తనాళాల అచ్చు ఒక్కటే మిగులుతుంది. ఆ రంగు గోళ్ల కిందికి దిగి ఎంత తోమినా వదలదు. ఆయన అసలు పేరు జీతాల గుమస్తాకే గుర్తు.

"సర్జన్‌గారు ఏమన్నారు తల్లీ?"

"కిడ్నీకి ఒక్క ధమనే ఉంటుంది, రెండోది అరుదు, భయపడకండి అన్నారు బాబాయ్."

"పాపది చూసి చెప్పారా, చదివింది చెప్పారా?"

ఆయన బీరువా తెరిచాడు. లోపల పదకొండు కిడ్నీ అచ్చులు, అన్నీ అడుగు కొరికేసిన పళ్లలా ఉన్నాయి. పైన గుబురుగా కొమ్మలు, కింద ఏమీ లేదు.

"ఇవి చెడిపోయినవి కదా?"

"రాసింది అలాగే."

రిజిస్టరు చూపించాడు. ఆ శాఖ హెడ్డుగారి చేతిరాతలో పదకొండు చోట్ల అదే వాక్యం: టెక్నీషియన్ అజాగ్రత్త, కింది భాగం నిండలేదు. మూడుసార్లు మెమో కూడా.

"నిండిన కిడ్నీ సిరంజిని వెనక్కి తోస్తుంది తల్లీ. నా బొటనవేలికి తెలుస్తుంది. ఇవన్నీ తోశాయి. అయినా ఏడేళ్లు నన్ను నేనే తిట్టుకున్నా."

తర్వాత ఒకసారి విద్యార్థుల చేతికివ్వకుండా కిడ్నీని ఆయనే తీశాడట, కిడ్నీ ధమని పుట్టే పెద్ద ధమని ముక్కతో సహా. ఆ ముక్కలో రెండు రంధ్రాలు కనిపించాయి. పెద్దదాంట్లో ఎర్ర రంగు, సన్నదాంట్లో పసుపు ఎక్కించాడు. యాసిడ్‌లోంచి తీస్తే కింది మూడో వంతు పసుపు. రెండూ ఎక్కడా కలవలేదు. మిగతావాటిలో ఆ సన్న ధమనిని కిడ్నీ తీసేటప్పుడే కత్తిరించి పారేశారు. దారే లేకపోతే రంగు ఎలా పోతుంది?

"హెడ్డుగారికి చూపించారా?"

"చూపించా. 'నాకే పాఠాలు చెబుతావా?' అన్నారు. మరుసటేడు ఆ రెండు రంగుల అచ్చు పట్టుకుని క్లాసులో 'మేం గమనించాం' అన్నారు. ఆ 'మేం'లో నేను లేనులే. రిజిస్టరు మాత్రం అలాగే ఉంది."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. రెండో ధమని సంగతి పుస్తకంలో లేనిది కాదు, అధ్యాయం చివర చిన్న అక్షరాల్లో ఉంది. ఆమె అది పరీక్షకు చదివి మరిచిపోయింది. హెడ్డు మరిచిపోలేదు. పుస్తకం తిరగేయడం కన్నా పనివాడి మీద తోసేయడం తేలికైంది, అంతే.

మర్నాడు పొద్దున్నే సర్జన్ గదికెళ్లి, ధమనులు కనపడేలా స్కాన్ తీయమంది.

"ఎవరు చెప్పారమ్మా? అచ్చులు పోసే ఆయనేనా?" అని నవ్వాడు సర్జన్.

"అవును, ఆయనే. మీరు ఎన్ని కిడ్నీలు కోశారో నాకు తెలీదు. ఆయన మాత్రం ప్రతిదాని కొమ్మలూ కొసదాకా చూశారు. స్కాన్ రాయకపోతే ఆపరేషనుకు నేను సంతకం పెట్టను."

విసుక్కుంటూనే రాశాడు. స్కాన్‌లో సన్నని రెండో ధమని తేలింది. సరిగ్గా ఆ గొట్టం మీదుగా పోతూ దాన్ని నొక్కుతున్నది అదే. ఆపరేషన్లో గొట్టాన్ని విడదీసి ధమనికి ముందువైపు తెచ్చి కుట్టారు. ధమనికి దెబ్బ తగల్లేదు. పాప కులాసా.

"ముందే చూశాం, మంచిదైంది" అన్నాడు సర్జన్. ఇక్కడా 'చూశాం'!

కాలేజీలో రిజిస్టరు దిద్దమని అడిగితే హెడ్డు, "పాత కాగితాలు తవ్వడం దేనికి?" అని కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆమె ఇక బతిమాలలేదు. పదకొండు వాక్యాల కిందా తన కలంతోనే రాసింది: రెండో ధమని ఉండి ఉండాలి, టెక్నీషియన్ తప్పు కాదు. ప్రతిదాని కిందా సంతకం, తేదీ.

ఎర్రచేతులాయన పదకొండూ చదివాడు. "ఇక మెమో నీకొస్తుంది చూడు" అని నవ్వి, తర్వాత చెప్పాడు.

"ఇకమీదట ఏ డాక్టరేం చెప్పినా నోటిమాటతో లేచి రాకు తల్లీ. కాగితం ఇచ్చి పాప లోపలేముందో బొమ్మ గీయమను. చూడనివాడికి చెయ్యి కదలదు."

ఇప్పుడు పాపను ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా, ఆ డాక్టరు మాట మొదలుపెట్టేలోపే ఆమె తెల్లకాగితం, పెన్సిలు బల్ల మీద పెడుతుంది. కొందరు మొహం ముడుస్తారు. గీసేదాకా ఆమె కుర్చీలోంచి లేవదు.