ఒక బాప్తిస్మం, నాలుగు మునకలు

దేవుణ్ణి నమ్మి బతికి, నమ్ముతూనే కన్నుమూసిన ఒక తల్లిని, ఆమె కూతురి పేరుమీదే అవిశ్వాసిగా చాటించారు. ఇది అన్యాయం. దీనికి ఇంతకన్నా మెత్తని మాట వెతకవలసిన పని లేదు.

ఆ కూతురు చర్చి హాస్టల్లో వంటమనిషి. పిల్లలు ఆమెను పెద్దగరిటె అంటారు. పాస్టరు ఆమెకు స్వయానా మరిది. ఏటా పరదేశం నుంచి ఒక బృందం పదిరోజుల సువార్త యాత్రకు వస్తుంది. తెల్లగా ఉన్న గోడకే మళ్లీ తెల్లరంగు వేస్తుంది, పిల్లలతో బంతి ఆడుతుంది. వెళ్లే రోజున ఎవరికో ఒకరికి బాప్తిస్మం ఇవ్వనిదే వాళ్లకు యాత్ర ముగిసినట్టుండదు. ఆ ఊళ్లో మునగవలసినవాళ్లంతా తాతల కాలంలోనే మునిగారు. కొత్తవాళ్లను ఎక్కణ్ణుంచి తేవడం? వచ్చేవాళ్లు ఏటేటా మారతారు కనుక మునిగే మనిషి మారనక్కరలేదని పాస్టరు కనిపెట్టాడు. బాప్తిస్మం జన్మకు ఒక్కసారేనని ఆదివారం బల్లగుద్ది చెప్పేదీ ఆయనే.

మూడేళ్లు పెద్దగరిటె నోరు మెదపకుండా మునిగింది. హాస్టలు పైకప్పు కారుతోంది, విరాళం వస్తే పిల్లలు పొడిగా పడుకుంటారన్నది ఆమె సమాధానం. ఈ ఏడు ఆమె తల్లి పోయింది.

యాత్ర చివరి రోజున ఆమె పిల్లలకు అన్నం పెట్టేసి, అతిథుల కోసం బంగాళాదుంపలు తరుగుతుండగా పాస్టరు తెల్లగౌను పట్టుకుని వచ్చాడు.

"వదినా, కత్తిపీట పక్కన పెట్టు. వాళ్ల బస్సు మధ్యాహ్నానికే."

"పోయినేటి జలుబే ఇంకా వదల్లేదయ్యా. ఈసారి మీ ఆవిణ్ణి ముంచు."

"పాస్టరమ్మని అందరూ చూశారుగా. నువ్వయితే వంటింట్లోంచి బయటికే రావు. అయినా నిండా మునిగినవాళ్లకి చలేంటి?"

"ఏటా ఉతుకుతున్నారు. పాపాలెప్పుడో పోయాయి, ఇక రంగు వెలిసిపోవడమే మిగిలింది."

"ఈసారి ఒక్క మాట చెప్పాలి వదినా. మా అమ్మ దేవుడి పేరు కూడా వినకుండా పోయింది, నాకా గతి పట్టకూడదని వచ్చానూ అను. వాళ్లకి కన్నీళ్లాగవు."

కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది.

"నీకు మొట్టమొదట ప్రార్థన నేర్పిందెవరు? మా అమ్మ కాదూ?"

"కాదన్నానా? పోయినావిడకి కొత్తగా వచ్చే నష్టమేముంది చెప్పు. పిల్లలకి కప్పొస్తుంది."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. ఆమె కత్తిపీట పక్కకు నెట్టి లేచింది. గౌను తొడుక్కుని చర్చి వెనక సిమెంటు తొట్టిలోకి దిగింది.

బృందం పెద్ద, ఎండకు ముక్కు కందిన పెద్దమనిషి, సాక్ష్యం చెప్పమన్నట్టు చేయి ఊపాడు. ఆమె గొంతు సవరించుకుంది.

"మా అమ్మ నమ్మే పోయింది. నాకు చిన్నప్పుడే బాప్తిస్మమైంది. ఇదంతా ఉత్తుత్తి స్నానం."

పాస్టరు తడుముకోకుండా వాళ్ల భాషలోకి మార్చాడు. అతిథులు కళ్లు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్లు చూడగానే తన మాట ఏ వేషంలో అక్కడికి చేరిందో ఆమెకు అర్థమైపోయింది. మాటనైతే మార్చగలడు, రాగాన్ని ఏం చేస్తాడు? తల్లి రోజూ పాడుకున్న కీర్తన ఎత్తుకుంది. ఆ రాగం ఒకప్పుడు అతిథుల దేశం నుంచే ఓడెక్కి వచ్చింది. మొదటి చరణానికి పెద్దమనిషి తల ఊపాడు. మూడో చరణానికి ఊపడం మానేసి, నిన్నటిదాకా దేవుడి పేరే వినని మనిషికి ఈ పాట ఎలా వచ్చిందని పాస్టరును అడిగాడు.

పాస్టరు రెండు చేతులూ ఆకాశానికెత్తి, ఇప్పుడే ఆత్మ దిగివచ్చి నేర్పిందన్నాడు. అతిథులతో పాటు సంఘ పెద్దలూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే పెద్దగరిటెను నాలుగోసారి ముంచి తేల్చారు.

భోజనాల వేళకు చూస్తే పొయ్యి వెలగలేదు. ఆమె గుమ్మంలో కూర్చుని తల తుడుచుకుంటోంది.

"వంటేది వదినా? వాళ్లు తిని బస్సెక్కొద్దూ?"

"ఇందాకేగా కొత్తగా పుట్టాను. ఆత్మ పాటొక్కటే నేర్పింది మరిదీ. వంట ఇంకా మొదలెట్టలేదు."

ఆయన అతిథుల దగ్గరికి పరుగెత్తి, బాప్తిస్మం రోజున తమ సంఘమంతా ఉపవాసమని చెప్పాడు. వాళ్లు ఆ భక్తికి ముగ్ధులై, ఖాళీ కడుపులతో బస్సెక్కారు. బస్సు మలుపు తిరగగానే పాస్టరు వంటింటికి తాళం వేశాడు. ఇక రానక్కరలేదని వదినకు చెప్పించాడు. ఆమె తల్లి అంధకారంలో మరణించిందన్న సాక్ష్యం ఆ పరదేశపు చర్చి పత్రికలో ఫోటోతో సహా అచ్చయింది. ఆ ప్రతి మా దగ్గర భద్రంగా ఉంది. లోగడ వచ్చిన మూడు ప్రతులూ ఉన్నాయి. నాలుగింటిలో ముఖం ఒక్కటే.

కనుక పాస్టరుగారూ, చూస్తూ చప్పట్లు కొట్టిన సంఘ పెద్దలూ, ఆమె తల్లి విశ్వాసిగానే కన్నుమూసిందని వచ్చే ఆదివారం ఆరాధనలో మీ నోళ్లతో చెప్పండి. అదే మాట ఆ పత్రికకు, ఈసారైనా ఉన్నదున్నట్టు, వాళ్ల భాషలో రాసి పంపండి. వంటింటి తాళంచెవి మీరే నడిచి వెళ్లి ఆమె చేతిలో పెట్టండి.